తొట్టి నిండేదాకా

రెండో శనివారం, రాత్రి.

బడికి సెలవు కదా అని ఇంకో అరగంట పడుకుందామనుకున్నా. ఆరున్నరకే పాస్టరు గారి ఫోన్. "వందనాలు సార్. రేపు బాప్తిస్మాలున్నయి, తొట్టి నింపాలె. యూత్ పిల్లలు క్రికెట్ కి పోయిన్రు. మీరు జర..." నేను ఊఁ అనేలోపే ఇంకో పని కూడా అంటగట్టారు. సావనీరుకు సంఘ చరిత్ర అర పేజీ రాసివ్వాలట. తెలుగు టీచరుగా ఉండడంలో చిక్కే ఇది. పెళ్లిపత్రిక నుంచి సమాధి రాయి దాకా అందరికీ మనమే గుర్తొస్తాం.

హన్మకొండలో మా చర్చి అనగానే కొత్తవాళ్లు "మెదక్ చర్చి లెక్క ఉంటదా?" అని అడుగుతారు. ఉండదు. 175 అడుగుల గోపురం లేదు, రంగుటద్దాల కిటికీలు లేవు. రేకులు తీసి స్లాబు వేసిన హాలు మాది. బాప్తిస్మపు తొట్టి వేదిక కిందే ఉంటుంది. ప్రసంగం బల్ల పక్కకు జరిపి, చాప చుట్టి, చెక్కలు లేపితే నడుము లోతు సిమెంటు గుంట. ఏడాదికి రెండు మూడుసార్లే దాని అవసరం కాబట్టి మిగతా రోజుల్లో అది సామాన్ల గది. ఇవాళ అందులోంచి వాడిపోయిన కాగితపు నక్షత్రం, కాలు విరిగిన మైకు స్టాండు, క్రిస్మస్ పశువుల పాకకు తెచ్చిన ఎండుగడ్డి, ఎవరి పిల్లదో ఒంటి చెప్పు బయటపడ్డాయి. అంతా కడిగి, బోరు మోటారు వేసి పైపు వదిలేసరికి తొమ్మిదిన్నర. సన్న పైపు. కరెంటు పోకుండా ఉంటేనే మధ్యాహ్నానికి నిండుతుంది.

ముందు బెంచీ మీద ట్రంకు పెట్టె పెట్టుకుని కూర్చున్నా. సంఘం పాత పుస్తకాలన్నీ అందులోనే ఉంటాయి.

అర పేజీ రాయడం కష్టమేం కాదు. ప్రతి సావనీరులోనూ ఉన్నదే. అమెరికన్ బాప్టిస్టు మిషన్ నెల్లూరులో వేళ్లూనింది, ఒంగోలులో పెరిగింది, 1879లో నైజాం రాజ్యంలోని హన్మకొండకు వచ్చింది. మధ్యలో 1878 జూలై 3 తప్పకుండా రావాలి. ఆ రోజు గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి దగ్గర, 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో నిలబడి ఇచ్చారు. చిన్నప్పుడు సండే స్కూల్లో ఆ అంకె చెప్పి బిస్కెట్టు గెలుచుకున్న వాణ్ని నేను. అప్పుడు ఎవరూ చెప్పనిది ఏంటంటే, అంతకుముందు రెండేళ్లు భయంకరమైన కరువు. ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. కానీ బియ్యం కోసం మతం మారారన్న మాట పడకూడదని, కరువు పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆపి ఉంచిందంతా ఒక్కసారిగా వచ్చిన రోజు అది.

ఇంకో మాట కూడా మా సావనీర్లలో కనపడదు. ఈ మతాన్ని ఊరూరా మోసింది దొరలు కాదు. 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ల వ్యాపారి. తోళ్ల కోసం ఊళ్లు తిరిగే మనిషి కాబట్టి ఆయన మాట కూడా ఊళ్లు తిరిగింది. మేం మాత్రం "అనేకులు రక్షింపబడిరి" అని రాసుకుంటాం. ఆ అనేకులు ఏ వాడ వాళ్లో రాయడానికి ఇప్పటికీ మాకు మొహమాటం.

పదకొండింటికి కరెంటు పోయింది. తొట్టిలో జానెడు నీళ్లు.

ఊరికే కూర్చోలేక మినిట్స్ పుస్తకాలు తిరగేశా. మాకు బిషప్ ఉండడు. ఏ సంఘానికి ఆ సంఘమే పెద్ద. పాస్టరును పిలవాలన్నా పంపించాలన్నా సంఘ కూటంలో చేతులెత్తాలి. అందుకే ఈ పుస్తకాల్లో లేని సంగతి ఉండదు. కల్లు తాగినందుకు ఒకాయనను ఆరు నెలలు ప్రభు భోజనం నుంచి, అంటే గుడిలో పంచే రొట్టె, ద్రాక్షరసం నుంచి ఆపారు. ఆ కింది పేజీలోనే గుడికి సున్నం వేయడానికి అదే ఆయన దగ్గర చందా తీసుకున్నారు. చదివి ఒక్కణ్నే నవ్వుకున్నా.

తర్వాత కనపడింది ఈ వాక్యం: "డోర్నకల్లు నుండి వచ్చిన సహోదరి సంగతి. వాయిదా వేయడమైనది."

ఆ సహోదరి మా నాయనమ్మ.

ఆమెది డోర్నకల్ పక్క పల్లె. వాళ్లది బిషప్ అజరయ్య గారి సంఘం. 1912లో ఆంగ్లికన్ సభలో, అంటే ఇంగ్లండు నుంచి వచ్చిన సంఘంలో, బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ల చేత ఆయన నెత్తిన చెయ్యి పెట్టించి, "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ని, సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ" అనిపించేవాడట. నాయనమ్మ వాళ్లమ్మ అలా అన్నదే. నాయనమ్మ మాత్రం చంటిపిల్లగా ఉన్నప్పుడే నెత్తిన మూడుసార్లు నీళ్లు పోయించుకుంది. తర్వాత ప్యాసింజరు బండెక్కి ఇక్కడికి కోడలిగా వచ్చింది.

ఇక్కడే తకరారు. మా బాప్టిస్టుల లెక్కలో పసిపిల్లకు పోసిన నీళ్లు బాప్తిస్మం కాదు. తెలివి తెలిసి, యేసును నమ్ముతున్నానని నోటితో ఒప్పుకున్న మనిషినే నీళ్లలో పూర్తిగా ముంచాలి. పాత మనిషిని పాతిపెట్టి కొత్త మనిషిగా లేపడం అది. అందుకే మా పిల్లల్ని పాస్టరు గారు చేతుల్లోకి తీసుకుని ప్రతిష్ఠ చేస్తారు, అంతే. 1947లో దక్షిణాదిన మెథడిస్టులూ ఆంగ్లికన్లూ మరికొందరూ కలిసి సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయితే, మావాళ్లు అందులో కలవలేదు. మునగని మనిషికి మా దగ్గర సభ్యత్వం లేదు, ప్రభు భోజనం లేదు.

తాత డీకను, అంటే సంఘ పెద్దల్లో ఒకడు. ఆయన భార్యకే రొట్టె లేదు. మొదటి ఆదివారం పళ్లెం ఆడవాళ్ల వరుసలోకి వస్తే నాయనమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఒక్క ముక్క కూడా ముట్టకుండా, పక్కామెకు అందించేది. నేను చూశాను. అప్పటి పాస్టరు ఎన్నిసార్లు నచ్చజెప్పినా ఆమెది ఒకటే మాట: "ఒక్కపారి పోసిన నీళ్లు సాలవా అయ్యగారూ? మా అమ్మ అబద్ధం ఆడిందా?"

సిద్ధాంతం సంగతికొస్తే మావాళ్లదే సరి అని నేనూ నమ్ముతా. పద్నాలుగేళ్లప్పుడు ఇదే తొట్టిలో ముక్కు మూసుకుని మునిగిన వాణ్ని. కానీ ఆ పళ్లెం అందించే చేతులు గుర్తొస్తే వాదన నోట్లోనే ఆగిపోతుంది.

"వాయిదా" అన్న మాట ఆ పుస్తకంలోనే ఇంకో మూడుచోట్ల దొరికింది. తేల్చిన మాట ఎక్కడా లేదు. ఎవరూ చేతులెత్తలేదు, ఎవరూ వద్దనలేదు. ఆమె పోయి పద్దెనిమిదేళ్లు.

సభ్యుల రిజిస్టరులో ఆమె పేరు ఉండదని తెలిసీ వెతికా. లేదు. పెట్టె అడుగున బియ్యం పద్దు పుస్తకం ఉంది. అప్పట్లో ఆడవాళ్లు వండేముందు ఎసట్లో పోయాల్సిన బియ్యంలోంచి పిడికెడు తీసి పక్కన పెట్టేవాళ్లు. ఆదివారం ఆ చిన్న సంచి గుడికి తెచ్చేవాళ్లు. కొలిచి అమ్మి, ఆ డబ్బు పాస్టరు జీతంలో కలిపేవాళ్లు. నీళ్ల మరక పడ్డ ఆ పేజీల్లో ఆమె పేరు ప్రతి వారం ఉంది. సోలెడు. సోలెడు. సోలెడున్నర. వానాకాలంలో గిద్దెడు. ఒకచోట, "ఈ వారం రాలేదు, కొడుకుతో పంపినారు." ఆ కొడుకు మా నాన్నే.

ఒంటిగంటన్నరకు కరెంటొచ్చింది. మోటారు మళ్లీ వేశా. నాలుగున్నరకు తొట్టి నిండింది. అర పేజీలో పై సగం రాశాను, కింది సగం ఖాళీగానే ఉంది. అక్కడ బియ్యం పద్దు గురించి రాస్తే పాస్టరు గారు కొట్టేస్తారేమో. కొట్టేసినా రాస్తా.

తాళం వేసి బయల్దేరుతుంటే ఒకమ్మాయి గేటు దగ్గర నిలబడింది. కిందటి ఎండాకాలం పెళ్లయి కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కోడలు. వాళ్ల పుట్టింటివాళ్లు సి.ఎస్.ఐ. రేపు మునిగే ఏడుగురిలో ఆమె ఒకతె.

"సార్, ఒకసారి చూడొచ్చా?"

తలుపు తీశా. వేదిక మీద వంగి కాసేపు నీళ్లలోకి చూసింది.

"మా నాయనకు చెప్పలే సార్," అంది.

ఏమనాలో తోచలేదు. నాయనమ్మ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు.

"నీళ్లు సల్లగుంటయా?" అని అడిగింది.

"ఉంటయమ్మా. బోరు నీళ్లు కదా."

వంగి, చేతి వేళ్లు ముంచి చూసుకుని, ఆ తడి చెయ్యి చున్నీకి తుడుచుకుంది.