బండి సైలెన్సర్ సౌండ్ ఇంట్లోనే మార్చుకోవడం – నా అనుభవం

సౌండ్ పెంచడం పెద్ద పనేం కాదు. కంపెనీ సైలెన్సర్ వెనక ప్లేటుకు డ్రిల్లుతో రెండు కన్నాలు కొడితే చాలు, మోత వచ్చేస్తుంది. కాకపోతే అది ఖాళీ రేకు డబ్బా కొట్టినట్టు ఉంటుంది. కంపెనీ సైలెన్సర్‌లో వరసగా అరలు, వాటి మధ్య అడ్డు ప్లేట్లు, చిన్న గొట్టాలు ఉంటాయి. శబ్దం ఒక్కో అరలో వెనక్కీ ముందుకూ కొట్టుకుని బలం తగ్గించుకుంటుంది. కన్నం కొడితే చివరి అర పని పోతుంది, పైగా ఇరుకు కన్నంలోంచి గ్యాస్ బుసకొడుతూ బయటపడుతుంది. గంభీరమైన సౌండ్ రాదు, చెవిలో గీరుకునే సౌండ్ వస్తుంది. వెల్డింగ్ పెట్టి మూస్తే తప్ప వెనక్కి తిప్పలేం కూడా.

అందుకే కంపెనీది ముట్టుకోకుండా తీసి పక్కన పెట్టి, గ్లాస్‌వూల్ (గాజు పోగుల దూది) నింపిన స్లిప్-ఆన్ సైలెన్సర్, అంటే పైపు చివర తొడిగేది, బిగించాను. మధ్యలో చిల్లుల గొట్టం, చుట్టూ గ్లాస్‌వూల్, పైన డబ్బా, చివర విప్పి తీయగలిగే డీబీ కిల్లర్ (సౌండ్ తగ్గించే చిన్న గొట్టం): అంతే దాని నిర్మాణం. కొనేముందు క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) ఎక్కడుందో చూసుకోవాలి. నా బండికి అది ఇంజన్ నుంచి సైలెన్సర్ దాకా వచ్చే బెండ్ పైపులోనే ఉంది కాబట్టి దాని జోలికి వెళ్లే పని పడలేదు. సైలెన్సర్ లోపలే ఉన్న బళ్లకు, సైలెన్సర్ మార్చడమంటే కన్వర్టర్ తీసేయడమే. చాలా దేశాల్లో అది నేరం, పొగ పరీక్షలోనూ బండి ఆగిపోతుంది. అది తీసినంత మాత్రాన సౌండ్ పెద్దగా పెరగదు, వాసన మాత్రం పెరుగుతుంది.

విప్పడం దగ్గరే సగం తలనొప్పి. చిన్న బళ్లలో చాలావాటికి బెండ్ పైపూ సైలెన్సరూ కలిపి ఒకే ముక్కగా వస్తాయి, ఇంజన్ హెడ్ దగ్గర నట్లు తీయక తప్పదు. తుప్పు పట్టిన స్టడ్ (నట్టు ఎక్కే మరల కడ్డీ) విరిగితే మిగిలిన ముక్కను తీయడం ఇంట్లో అయ్యే పని కాదు. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయాలి. మర్నాడు నట్టును పావు చుట్టు వదులు చేసి, మళ్లీ కొంచెం బిగించి, మళ్లీ వదులు చేస్తూ రావాలి. బలం పెట్టి ఒకేసారి లాగితే టప్‌మంటుంది. పని మొత్తం ఇంజన్ చల్లారాకే. తిరిగి బిగించేటప్పుడు హెడ్ దగ్గర లీకవకుండా వేసే గ్యాస్కెట్ కొత్తది వేయాలి, ఒకసారి నలిగింది రెండోసారి సరిగా కూర్చోదు. రెండు నట్లనూ మార్చి మార్చి కొద్దికొద్దిగా తిప్పాలి. బిగింపు అంకె మాన్యువల్‌లో ఉంటుంది, 6 మి.మీ. స్టడ్‌కు సాధారణంగా 10–12 న్యూటన్-మీటర్లు.

అసలు సౌండ్‌ను నిర్ణయించేది గ్లాస్‌వూల్ చుట్టిన తీరు. చాలామంది దీన్ని పట్టించుకోరు. వాడిన సైలెన్సర్ అయితే తప్పకుండా తెరవాలి. ఎండ్ క్యాప్ (చివరి మూత) చుట్టూ ఉన్న రివెట్లను 5 మి.మీ. బిట్‌తో తల మటుకే ఎగరగొట్టి, మిగిలిన ముక్కను లోపలికి నెట్టాలి. రివెట్ బిట్‌తో పాటే తిరుగుతుంటే ఆపేసి, ప్లయర్‌తో పట్టుకుని డ్రిల్ చేయాలి. మొండిగా నొక్కితే కన్నం కోడిగుడ్డు ఆకారంలో సాగిపోతుంది. లోపలి పాత గ్లాస్‌వూల్ నల్లగా, పెళుసుగా రాలుతుంది. ఇంజన్ వైపు సగం ఖాళీగా కూడా ఉండొచ్చు, వేడి ఎక్కువ తగిలేది అక్కడే. గ్లవ్స్, మాస్క్, పొడుగు చేతుల చొక్కా లేకుండా దీన్ని ముట్టుకోవద్దు. ఆ దురద అంత తేలిగ్గా పోదు.

చిల్లుల గొట్టాన్ని వైర్ బ్రష్‌తో తోమి, మసితో మూసుకుపోయిన చిల్లులన్నీ తెరవాలి. దాని మీద ముందు పల్చగా స్టెయిన్‌లెస్ స్టీల్ వూల్ ఒక వరస చుడితే పైన వేసే గ్లాస్‌వూల్‌కు మంట నేరుగా తగలదు, ఎక్కువ కాలం నిలుస్తుంది. తర్వాత గ్లాస్‌వూల్ షీట్ చుట్టి మాస్కింగ్ టేపుతో పట్టి ఉంచాలి. మొదటిసారి వేడెక్కగానే ఆ టేపు కాలిపోతుంది, కాసేపు పొగ, వాసన వస్తే కంగారు పడక్కర్లేదు. అరచేత్తో నొక్కితే కొంచెం లోపలికి దిగాలి, డబ్బాలోకి తోస్తే కాస్త బిగుతుగా జారాలి. మరీ కుక్కితే పోగుల మధ్య గాలి ఉండదు, శబ్దాన్ని పీల్చుకోవడం తగ్గిపోతుంది. వదులుగా ఉంటే గ్యాస్ తోపుకు పోగు పోగుగా బయటికి పోతుంది. మూసేటప్పుడు 4.8 మి.మీ. స్టెయిన్‌లెస్ రివెట్లే వాడాలి. అల్యూమినియంవి కొట్టడం తేలికే గానీ ఈ వేడికి మెత్తబడతాయి.

స్టార్ట్ చేసేముందు పైపులను స్పిరిట్ గుడ్డతో తుడవాలి. లేకపోతే వేలిముద్రలు స్టీలు మీద కాలి అచ్చుపడతాయి. బండిని ఆరుబయటే పెట్టాలి, మూసిన షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన వెంటనే మందపాటి గుడ్డతో వెనక కన్నాన్ని క్షణం సేపు అడ్డుకుంటే, లీకేజీ ఉన్న జాయింట్ టిక్ టిక్‌మని తనే చెబుతుంది. ఒకసారి బాగా వేడెక్కి చల్లారాక క్లాంప్ బోల్టు మళ్లీ బిగించాలి, అది చాలాసార్లు వదులవుతుంది.

యాక్సిలరేటర్ వదిలినప్పుడు పటపటమని పేలుళ్లు వినిపిస్తే కొందరు మురిసిపోతారు. అది చాలాసార్లు లీకేజీ గుర్తు: జాయింట్ దగ్గర బయటి గాలి లోపలికి వెళ్లి, కాలకుండా మిగిలిన పెట్రోలు వేడి పైపులో అంటుకుంటుంది. కార్బ్యురేటర్ బండికి అయితే మిశ్రమం పల్చబడి (గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై) కూడా ఇలా అవుతుంది. స్పార్క్ ప్లగ్ తీసి చూడాలి. పింగాణీ తెల్లగా పాలిపోయి ఉంటే కార్బ్యురేటర్‌లో పెట్రోలు వచ్చే జెట్ సైజు పెంచాలి. ఇంజెక్షన్ బండికి డీబీ కిల్లర్ ఉన్నంత వరకు సాధారణంగా ఏమీ మార్చనక్కర్లేదు.

ఎంత పెరిగిందో చెవితో తేల్చుకోవద్దు. 10 డెసిబెల్స్ పెరిగితే మనకు దాదాపు రెట్టింపులా వినిపిస్తుంది. ఆగి ఉన్న బండి సౌండ్ కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 5130 పద్ధతి ఇంట్లోనూ పాటించొచ్చు: మైకు సైలెన్సర్ నోటి ఎత్తులోనే, దానికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో పెట్టాలి. గరిష్ఠ పవర్ 5,000 ఆర్పీఎం కన్నా పైన వచ్చే ఇంజన్‌ను అందులో సగం వేగంలో నిలపాలి, అంటే 8,500 దగ్గర పవర్ వచ్చే ఇంజన్‌కు 4,250. ఫోన్ యాప్ చూపే అంకెను అక్షరాలా నమ్మలేం గానీ, పాత సైలెన్సర్‌కూ కొత్తదానికీ తేడా పోల్చడానికి పనికొస్తుంది. డీబీ కిల్లర్‌తో కొలిచి, అది తీసేసి మళ్లీ కొలిచాక దాన్ని లోపలే ఉంచేశాను. తీసేస్తే తక్కువ ఆర్పీఎంలో లాగుడు తగ్గుతోంది, సౌండ్ కూడా గరగరలాడుతోంది. దాని బోల్టుకు సన్నటి స్టీలు తీగ కట్టాను, అదిరి ఊడిపోకుండా.