గీత దాటితే చవక

"ఇక్కడెందుకు బాబూ, గీత దాటి ఒడిశాలోని పర్లాకిమిడి వెళ్లి పెట్రోలు కొట్టించుకోకూడదా?" పాతపట్నం బంకులో నా వెనక ఆటో పెద్దాయన సలహా. మరి తనెందుకు ఇదే వరుసలో నిలబడ్డాడో!

మాట మాత్రం నిజమే, అక్కడ పెట్రోలు చవకే. ముడి చమురు అదే, డాలరు అదే, కేంద్రం ఎక్సైజు సుంకమూ అదే. మన దేశానికి కావలసిన చమురులో 85 శాతానికి పైగా దిగుమతే కాబట్టి, గల్ఫ్‌లో అలజడి రేగితే ఆంధ్రకూ ఒడిశాకూ ఒకటే దెబ్బ.

తేడా రాష్ట్రం పన్నుది. మనకు పెట్రోలుపై 31 శాతం వ్యాట్, పైన లీటరుకు 4 రూపాయలు, ఆపైన రోడ్ల కోసమని ఇంకో రూపాయి సెస్సు. శాతం లెక్క కదా, చమురు ధర పెరిగితే ఎవరూ పెంచకుండానే పన్నూ పెరుగుతుంది.

నా కోపమంతా ఆ ఒక్క రూపాయి మీదే. మా ఊరి రోడ్డు చూసినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు.