నాన్న పోయాక మేం తిరిగిన ఆఫీసులు

నాన్న పోయింది 2022 జులైలో. పాలకొల్లు దగ్గర చిన్న పల్లె మాది. రాత్రి గుండెల్లో నొప్పి అన్నారు. పాలకొల్లులో చూపిస్తే రాజమండ్రి తీసుకెళ్లమన్నారు. మూడో రోజు తెల్లవారుజామున అక్కడే ఆస్పత్రిలో ప్రాణం పోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు తమ్ముడూ నేనూ మా ఊరి సచివాలయానికి వెళ్లాం. సెలవు ఇంకో వారమే ఉంది, హైదరాబాద్ తిరిగి వచ్చేలోపు అమ్మ పేరు మీద కాగితాలన్నీ సర్దేసి రావాలని నా తాపత్రయం. డెత్ సర్టిఫికెట్ కావాలన్నాం. పంచాయతీ సెక్రటరీ గారు మెల్లిగా అడిగారు, "నాన్నగారు పోయింది ఎక్కడండీ?" రాజమండ్రి అన్నాం. "అయితే ఆ ఊరి కార్పొరేషన్‌లో నమోదవుతుందండీ, మన పుస్తకంలోకి రాదు" అన్నారు.

డెబ్బై ఏళ్లు ఈ ఊళ్లో బతికిన మనిషి, ఈ ఊరి పుస్తకంలోకి రారా అనిపించింది. ఇంటికొచ్చి చదువుకుంటే అర్థమైంది. 1969 నాటి జనన మరణ నమోదు చట్టం ప్రకారం మనిషి ఎక్కడివాడన్నది కాదు, మరణం ఎక్కడ జరిగిందన్నదే లెక్క. ఇంట్లో పోతే ఇంటివాళ్లు 21 రోజుల్లోపు చెప్పాలి. ఆస్పత్రిలో పోతే ఆ సమాచారం పంపాల్సిన పూచీ ఆస్పత్రిదే. మా నాన్నది వాళ్లు పంపేశారు కూడా.

సర్టిఫికెట్ చేతికొచ్చాక అసలు చిక్కు బయటపడింది. ఆ రాత్రి కంగారులో ఆస్పత్రి ఫారం నింపింది తమ్ముడు. ఊరంతా నాన్నని పిలిచే పేరే రాశాడు. పాసుపుస్తకంలో, ఆధార్‌లో ఉన్న పేరు వేరు. ఈ సర్టిఫికెట్ పట్టుకెళ్తే పొలం కాగితాల్లో ఉన్న మనిషి, చనిపోయిన మనిషి ఒకరు కాదు. వాడు వారం రోజులు అన్నం సరిగా తినలేదు. వాడి తప్పేముంది, ఆ టైంలో ఎవరికైనా నోటికొచ్చేది ఆ పేరే.

దీనికి దారి ఉంది, ఇలాంటి చిక్కులో ఉన్నవాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తున్నాను. నమోదు చేసిన రిజిస్ట్రారే సవరించవచ్చు. అసలు విషయం తెలిసిన, నమ్మదగిన మనుషులు ఇద్దరు తప్పేమిటో నిజమేమిటో రాసి సంతకం పెట్టాలి. నాన్న ఈడువాళ్లు ఇద్దరు పని మానుకుని మాతో రాజమండ్రి వచ్చారు. ఆధార్, పాసుపుస్తకం, నాన్న పదో తరగతి సర్టిఫికెట్ జిరాక్సులు జత చేశాం. అక్కడి గుమాస్తా గారు రిజిస్టర్ తిప్పి చూపించారు. పాత వరస కొట్టేయలేదు. కొట్టేయకూడదట. అదలాగే ఉంచి, పక్కన మార్జిన్‌లో సరైన పేరు రాసి, కింద తేదీ, సంతకం. ఊరు పిలిచిన పేరూ, కాగితాల పేరూ ఒకే పేజీలో పక్కపక్కన ఉన్నాయి. నాకు కళ్లు చెమర్చాయి.

తర్వాతది ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అంటే పోయినవారి కుటుంబంలో ఎవరెవరున్నారో చెప్పే కాగితం. ఇది మళ్లీ మా ఊరి సచివాలయంలోనే పెట్టాం. డిజిటల్ అసిస్టెంట్ అమ్మాయి అప్లికేషన్ ఎక్కించి, "ఇది వీఆర్వో గారి దగ్గరికి వెళ్తుంది మేడం" అంది. ఆ వీఆర్వో, అంటే గ్రామ రెవెన్యూ అధికారి గారు కూర్చునేది సెక్రటరీ గారి పక్క బల్ల దగ్గరే! అయినా ఒకరి పని ఇంకొకరు చెయ్యరు. ఎందుకు చెయ్యరో తెలియకే మేం ఒక రోజు పోగొట్టుకున్నాం. పొలం పేరు మార్పు గురించి అడగడానికి మండలానికి వెళ్లి, ఎంపీడీవో ఆఫీసులో గంటన్నర కూర్చున్నాం. మండలం ఆఫీసు అంటే అదే అనుకున్నాం. ఎంపీడీవో ఆఫీసు మండల పరిషత్తుది. పొలం సంగతి చూసేది తహశీల్దార్ ఆఫీసు.

ఈ తేడా ఆ రోజు సాయంత్రం వీఆర్వో గారే మా వసారాలో కూర్చుని చెప్పారు. విచారణకి వచ్చారు. ఇరుగుపొరుగుని అడిగి, నాన్నకి భార్య, ఇద్దరు పిల్లలమేనని రాసుకున్నాక, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ అన్నారు, "మాది పైనుంచి కిందికి వచ్చే ప్రభుత్వం అమ్మా, పంచాయతీది కిందనుంచి పైకి వెళ్లేది." ఆయన వెనక ఆర్‌ఐ, తహశీల్దార్, నరసాపురంలో ఆర్డీవో, భీమవరంలో కలెక్టర్. వీళ్లెవరినీ మనం ఓటేసి ఎన్నుకోం, రాష్ట్ర ప్రభుత్వం వేస్తుంది. పొలం, కులం, ఆదాయం, కుటుంబం ధ్రువీకరణలు ఈ వరసవి. పంచాయతీకి సర్పంచి, వార్డు మెంబర్లు ఉంటారు, మా ఊళ్లో 2021 ఫిబ్రవరిలో ఓటేసి ఎన్నుకున్నాం. వీధి దీపాలు, కాలువలు, కుళాయి నీళ్లు, ఇంటి పన్ను వాళ్లవి. 2019 అక్టోబర్ 2 నుంచి గ్రామ సచివాలయాలొచ్చి ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టాయి. అందుకే బయటివాళ్లకి అంతా ఒకటే ఆఫీసులా కనబడుతుంది.

నాన్న చెప్పేవారు, 1984లో కరణాల పద్ధతి తీసేసేదాకా కరణం గారింటి అరుగు మీదే పొలం లెక్కలన్నీ ఉండేవని. మండలాలు వచ్చింది 1985లో. ఇప్పుడు పొలం ఎవరి పేరున ఉందో చెప్పే 1బీ, సాగు వివరాలుండే అడంగల్ ఫోన్లో చూసుకోవచ్చు. ఆ అరుగు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ మా తాతగారి రోజులతో పోలిస్తే ఇది చాలా పెద్ద మార్పు, దీన్ని తక్కువ చేసి మాట్లాడ్డం నాకిష్టం లేదు.

ఫ్యామిలీ సర్టిఫికెట్ వచ్చాక 62 సెంట్ల కొబ్బరి తోటకి మ్యుటేషన్ పెట్టాం, వారసులం ముగ్గురి పేర్లూ ఎక్కించమని. 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం కింద జరిగే పని ఇది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని నోటీసు అంటించారు. ఎవరూ రాలేదు. మిగతా తిరుగుడు తమ్ముడు చూసుకున్నాడు.

ఇక ఇల్లు. పొలంతో పాటు ఇదీ అయిపోతుందనుకున్నాం. మా ఇల్లున్నది గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల జాగాలో, అది 1బీలోకి రాదు. వీఆర్వో గారి బల్ల నుంచి సెక్రటరీ గారి బల్లకి మారాం. ఇంటి పన్ను డిమాండు నాన్న పేరు నుంచి అమ్మ పేరుకి మార్చమని, మా ఇద్దరికీ సమ్మతమేనని రాసిచ్చాం. పన్ను రశీదు హక్కు పత్రం కాదని సెక్రటరీ గారు ముందే చెప్పారు. అయినా అమ్మకి దాని విలువ వేరు.

ఈ తిరుగుళ్లలో నా మనసులో నాటుకున్న మాట ఒకటుంది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. ఐదేళ్లకోసారి పంచాయతీ ఎన్నికలు తప్పనిసరి చేసింది, పంచాయతీలకు అప్పగించదగ్గవని 29 విషయాలు పదకొండో షెడ్యూల్లో రాసింది. కానీ వాటిలో ఎన్ని అప్పగించాలన్నది రాష్ట్రం చేతిలోనే ఉంది. మేం ఓటేసిన సర్పంచి గారు నాన్నని చిన్నప్పటి నుంచీ ఎరుగుదురు, అయినా మా కాగితాల్లో ఆయన సంతకంతో పని పడింది చాలా తక్కువ. మన గుమ్మం ముందుండే ప్రభుత్వానికి ఇంతకంటే ఎక్కువ చేతనవ్వాలి, అందుకు డబ్బూ మనుషులూ దానికే ఉండాలి. ఈ సంగతి గ్రామసభలో అడగాలి, ఆ రోజుకి మేమిద్దరం ఊళ్లో ఉండాలని అనుకున్నాం.

నవంబర్లో నేను మళ్లీ వెళ్లినప్పుడు రశీదు వచ్చింది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని తన పేరు రెండుసార్లు చదువుకుంది. తర్వాత వేలు ఒక గడి మీద ఆపి, "ఈ గ్రంథాలయ పన్ను ఏంటే?" అని అడిగింది. ఇంటి పన్నుతో పాటే వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి పంపుతారని చెప్పాను. నాన్న రోజూ సాయంత్రం సైకిలేసుకుని వెళ్లి పేపర్ చదివొచ్చిన లైబ్రరీ వాళ్లదే.

అమ్మ రశీదు మడిచి, నాన్న పాత రశీదులు గుచ్చిన తీగకే గుచ్చింది.