ఉమ్మడి కుటుంబంలో ఐదుగురు పిల్లలకు ఇంటి చదువు: నా అనుభవం

విజయవాడ పటమటలో మాది ఉమ్మడి కుటుంబం. అత్తగారు, మామగారు, మావారు, మరిది, తోడికోడలు, నేను, మా ముగ్గురు పిల్లలు, వాళ్ల ఇద్దరు పిల్లలు, మొత్తం పదకొండు మందికి ఒకటే వంటిల్లు. పిల్లల్లో పెద్దవాడు రోజూ బడికి వెళ్లనక్కరలేని ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి పూర్తిచేశాడు, అందరికంటే చిన్నవాడు ఇంకా గుణింతాల దగ్గర ఉన్నాడు. ఈ ఐదుగురూ ఇంట్లోనే చదువుకుంటున్నారని తెలిసినవాళ్లు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. ఇది చట్టప్రకారం చెల్లుతుందా అన్నది మొదటిది. ఇంతమందికి వండి వారుస్తూ చదువు చెప్పడానికి తీరిక ఎక్కడిది అన్నది రెండోది. మొదటిదానికి జవాబు చిన్నది కనుక ముందు అది చెప్పేస్తాను.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ఇచ్చింది. పిల్లలను దగ్గరలోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని ఆ చట్టం 10వ సెక్షన్ చెబుతుంది గానీ, చేర్చనివారికి శిక్ష అంటూ ఏదీ అందులో లేదు. ఇంటి చదువును గుర్తిస్తున్నామన్న మాట గానీ, నిషేధిస్తున్నామన్న మాట గానీ కనిపించదు. మాకు ధైర్యం ఇచ్చింది 4వ సెక్షన్. బడికి దూరమైన పిల్లలు తిరిగి వస్తే వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలనీ, తోటివారిని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలనీ అది చెబుతుంది. ఇంటి చదువు మా పిల్లల్లో ఎవరికైనా పడకపోతే వెనక్కి వెళ్లే దారి ఉందన్న నమ్మకం కలిగాకే మేము ముందడుగు వేశాం. బడిలో చేరి హాజరు ఉన్న పిల్లలకే తల్లికి వందనం వంటి పథకాలు వర్తిస్తాయి కాబట్టి, ఆ డబ్బు మీద ఆధారపడిన కుటుంబాలు దానిని కూడా లెక్కలో వేసుకోవాలి.

బడి మాన్పించేటప్పుడు టీసీ తీసుకోకుండా ఊరుకోవద్దన్నది నా గట్టి సలహా. పెద్దవాడు చదివిన బడివారు తరువాతి ఏడాది ఫీజులో కొంత కడితేనే టీసీ ఇస్తామన్నారు. మావారు మాటలతో వాదించకుండా అర్జీ రాసి ఇచ్చి, నకలు మీద అందినట్లు సంతకం చేయించుకువచ్చారు. కొద్ది రోజులకే టీసీ చేతికి వచ్చింది. అందులో పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ ఆధార్‌లోనూ జనన ధ్రువీకరణ పత్రంలోనూ ఉన్నట్లే అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోవాలి. బడి పిల్లలకు ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య, అంటే పెన్ నంబరు కూడా రాయించుకోవాలి. తరువాత ఏ బోర్డుకు దరఖాస్తు చేసినా మొదట అడ్డుపడేది ఇంటిపేరు ముందుందా వెనకుందా అన్న తేడాయే.

ఇక రెండో ప్రశ్న. చదువుకు సమయపట్టిక వేసుకుని ఆ ఖాళీల్లో ఇంటి పని చేద్దామనుకునే ఇంట్లో ఇంటి చదువు నిలవదని నా అభిప్రాయం. పొయ్యి ఎప్పుడు వెలగాలి, మంచినీళ్లు ఎప్పుడు పట్టాలి, ఎవరు ఎన్నింటికి బయలుదేరాలి అన్నవి మన ఇష్టంతో జరిగేవి కావు. అందుచేత ముందు ఇంటి గడియారాన్ని ఉన్నదున్నట్లు కాగితం మీద పెట్టి, ఎవ్వరూ కదిలించలేని పనులను గుర్తించి, వాటి మధ్య చదువుకు చోటు వెతకాలి. మా తోడికోడలు బ్యాంకు ఉద్యోగానికి తొమ్మిదింటికల్లా క్యారియర్‌తో బయలుదేరాలి. మావారు మందుల దుకాణం తెరిచి, మధ్యాహ్నం భోజనానికి వస్తారు. మామగారికి పూటపూటా మాత్రలుంటాయి కనుక ఆయన పలహారం ఆలస్యం కాకూడదు. ఇవన్నీ రాసి చూసుకుంటే తొమ్మిదిన్నర నుంచి పన్నెండు వరకూ ఇంట్లో ఎవరికీ నాతో తప్పనిసరి పని లేదని తెలిసింది. మా బడి ఆ వేళలోనే నడుస్తుంది.

ఆ వేళను కాపాడుకోవడానికి వంటింట్లో చాలా మార్చాం. ఏ రోజు ఏ కూర అన్నది ముందే నిర్ణయించి ఫ్రిజ్ తలుపుకు అంటించాం. "ఈ పూట ఏం వండను?" అన్న ప్రశ్న ఎంత సమయం తింటుందో పెద్ద కుటుంబం నడిపేవాళ్లకు చెప్పనక్కరలేదు. కూరగాయలు రాత్రే తరిగి డబ్బాల్లో పెడతాం, ఆ పని మా మరిదిది. ఇడ్లీ పిండి వారానికి రెండుసార్లు రుబ్బుతాం. పరీక్షలు దగ్గరపడిన రోజుల్లో పప్పు, పులుసు, కందిపొడి, పెరుగుతో సరిపెడతాం. పప్పు కుక్కర్ తొమ్మిదిలోపు దిగిపోతుంది, బియ్యం కడిగి నానబెట్టి ఉంటాయి, పదకొండున్నరకు పెద్దమ్మాయి లేచి స్టవ్ వెలిగిస్తే చాలు. చదువు వేళలో నా ఫోను మామగారి దగ్గర ఉంటుంది. అవసరమైన ఫోన్ వస్తే ఆయనే పిలుస్తారు.

ఇంటి పనిలో పిల్లలందరికీ వాటా ఉంది. మగపిల్లలని ఎవరికీ మినహాయింపు లేదు. ఈ విషయంలో అత్తగారికి మొదట మనసొప్పలేదు. మనవడు అంట్లు తోముతుంటే ఆవిడ చూడలేకపోయేవారు. "అత్తయ్యా, అమ్మాయి తోమితే మీకు బాధ కలగడం లేదు కదా" అని మా తోడికోడలు నెమ్మదిగా అడిగింది. ఆవిడ జవాబు చెప్పలేదు గానీ ఆ తరువాత అడ్డు చెప్పలేదు. పనులు నెలకొకసారి మారతాయి, రోజుకొకసారి మార్చకూడదు. ఒకే పనిని నెలంతా చేస్తేనే ఎనిమిదేళ్ల పిల్లకు కూడా ఉతికిన బట్టలు ఎవరివి వారికి సర్దడం చెప్పించుకోకుండా వస్తుంది. కందిపప్పులో రాళ్లు ఏరడం, మంచినీళ్ల బిందెలు నింపి మూతలు పెట్టడం, తులసికోట దగ్గర ఊడ్చడం చిన్నవాళ్లు చేస్తారు. గ్యాస్ సిలిండర్ మార్చిన తేదీ గోడ మీది క్యాలెండర్‌లో రాయడం, కరెంటు బిల్లులో శ్లాబుల లెక్క సరిచూడడం పెద్దవాళ్ల పని.

చదువు చెప్పడంలో ఐదుగురికి ఐదు తరగతులు నడపడం ఎవరివల్లా కాదు. విడివిడిగా కూర్చోబెట్టి చెప్పవలసినవి చదవడం, లెక్కలు, ఈ రెండే. మిగతావన్నీ కలిపి చెప్పవచ్చు. అక్షరాలు దిద్దేవాడితో రోజూ ఇరవై నిమిషాలకు మించి కూర్చోను, ఆ ఇరవై నిమిషాలు మాత్రం ఏ రోజూ తప్పించను. పదేళ్లవాడికి లెక్క అర్థంకాకపోతే ముందు అక్కను అడగాలి. అక్కకూ రాకపోతే ఇద్దరూ కలిసి నా దగ్గరికి వస్తారు. తమ్ముడికి భిన్నాలు చెప్పవలసి వచ్చాకే మా పెద్దమ్మాయికి భిన్నాలు నిజంగా పట్టుబడ్డాయి. సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చాక మా తోడికోడలు లెక్కల పుస్తకాలు చూస్తుంది, సైన్సు మావారిది. పద్యాలు, కథలు మధ్యాహ్నం భోజనాలయ్యాక నాయనమ్మ దగ్గర. ఆవిడ ఒక శతక పద్యం చెబుతారు, ఐదుగురూ అప్పజెబుతారు, పెద్దవాళ్లు అర్థం రాస్తారు.

కలిపి చెప్పడం ఎలాగో ఒక పాఠంతో చూపిస్తాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు, కృష్ణలోనూ పెద్ద వరద వచ్చి ప్రకాశం బ్యారేజీ నుంచి, దాని చరిత్రలో ఎన్నడూ లేనంతగా, 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వదిలారు. ఆ మాట టీవీలో విన్న దగ్గరనుంచి పిల్లలు అడుగుతూనే ఉన్నారు. నీరు తగ్గాక అందరినీ బ్యారేజీ మీదికి తీసుకువెళ్లాం. చిన్నవాడు వేళ్లు మడుస్తూ గేట్లు లెక్కపెట్టాడు, డెబ్బై ఉన్నాయి. ఎనిమిదేళ్ల పిల్ల ఏటి బొమ్మ వేసి ఏలూరు కాలువ, బందరు కాలువ ఎటు పోతాయో గీతలు గీసింది. పదేళ్లవాడు 1855లో పూర్తయిన పాత ఆనకట్ట గురించీ, అది దెబ్బతిన్నాక కట్టి 1957లో పూర్తిచేసిన ఈ బ్యారేజీ గురించీ తాతయ్యను అడిగి ఒక పేజీ రాశాడు. పెద్దమ్మాయి బుడమేరుకూ కృష్ణకూ ఉన్న తేడా పటంలో చూపించింది. పెద్దవాడు క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28.3 లీటర్లని తీసుకుని, ఆ రోజు సెకనుకు మూడు కోట్ల ఇరవై మూడు లక్షల లీటర్లకు పైగా పోయాయని లెక్క తేల్చాడు. ఆ అంకె విని అత్తగారు కూడా ఒకసారి కాగితం తెప్పించుకుని చూశారు. పాఠం ఒకటే, ఎవరి వయసుకు తగిన పని వారిది.

రైతుబజారు కూడా మాకు తరగతి గదే. ధరల బోర్డు చూసి, ముప్పావు కిలో దొండకాయలకు, కిలోంబావు టమాటాలకు ఎంతవుతుందో దుకాణం దగ్గరికి వెళ్లేలోపే నోటిలెక్కగా చెప్పాలి. చెప్పినవాళ్లే డబ్బులిచ్చి చిల్లర తీసుకుంటారు. వేసవిలో ఆవకాయ పెట్టినప్పుడు నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు అన్న అత్తగారి కొలతను పద్దెనిమిది గిన్నెల ముక్కలకు లెక్కకట్టడం పదేళ్లవాడి పని. తప్పు లెక్క వేస్తే ఏడాదంతా తినవలసింది ఇంటిల్లిపాదీ కనుక అంత శ్రద్ధగా మరే లెక్కా వేయడు. రోహిణి కార్తెలో తొమ్మిది దాటాక మా ఊళ్లో బుర్ర పనిచేయదు. ఆ రోజుల్లో చదువు తెల్లవారి ఆరింటికే మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగిస్తాం.

పుస్తకాలకు పెద్దగా ఖర్చు పెట్టలేదు. రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉండడం ఇంటి చదువుకు ఎంతో అనుకూలం. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్షా యాప్‌లో పాఠాలు వస్తాయి. ఎన్సీఈఆర్టీ పుస్తకాలు ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మిగిలినవి లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో దొరికాయి.

స్నేహితుల సంగతి అందరూ అడుగుతారు. మా వీధి పిల్లలు బడినుంచి వచ్చేది సాయంత్రమే కనుక ఆ వేళకు మావాళ్ల చదువు, పని అన్నీ అయిపోవాలన్నది ఇంటి నియమం. వర్షం పడితే తప్ప ఆట మానరు.

పెద్దవాడి పదో తరగతికి రెండు దారులు కనిపించాయి. గుంటూరులో కార్యాలయం ఉన్న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం ఒకటి, కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ సంస్థ అయిన ఎన్‌ఐఓఎస్ రెండోది. రెండింటిలోనూ పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండి ఉండాలి. సబ్జెక్టుల ఎంపిక విస్తృతంగా ఉందని మేము ఎన్‌ఐఓఎస్ తీసుకున్నాం. కనీసం ఐదు సబ్జెక్టులు తీసుకోవాలి, వాటిలో ఒకటైనా భాష ఉండాలి. వాడు తెలుగు, ఇంగ్లీషు, గణితం, సైన్సుతోపాటు గృహ విజ్ఞానం తీసుకున్నాడు. మగపిల్లవాడికి గృహ విజ్ఞానమేమిటని బంధువులు ఆశ్చర్యపోయారు గానీ, పోషకాహారం, ఇంటి బడ్జెట్, బట్టల సంరక్షణ వంటివి వాడు నిత్యం చేస్తున్న పనులే. పుస్తకం తెరిచేసరికి సగం తెలిసే ఉంది.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. పుట్టినతేదీకి ఆధారం, ఫోటో, సంతకం, చిరునామా పత్రం సిద్ధంగా ఉంచుకోవాలి. ఎనిమిదో తరగతి ధ్రువపత్రం లేనివారు సెకండరీ, అంటే పదో తరగతి చదవగలమని స్వయంగా ధ్రువీకరించే వీలుంది. అధ్యయన కేంద్రం ఎంచుకునేటప్పుడు ఇంటికి దగ్గరా దూరమా అన్నదానికంటే అక్కడ ప్రాక్టికల్స్ ఎలా చేయిస్తారో వెళ్లి కనుక్కోవడం ముఖ్యం. సైన్సుకూ గృహ విజ్ఞానానికీ ప్రాక్టికల్ మార్కులుంటాయి. టీఎంఏ అనే అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులున్నాయి కనుక వాటిని చివరి రోజుకు వదలకూడదు. మా పెద్దవాడు వాటిని ఇంటి పనుల పట్టికలోనే వారానికి ఒకటిగా వేసుకున్నాడు. పరీక్షలు ఏడాదికి రెండు విడతలు, ఏప్రిల్-మే నెలల్లో ఒకటి, అక్టోబరు-నవంబరులో ఒకటి. అన్నీ ఒకేసారి రాయనక్కరలేదు. నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, ఆలోపు తొమ్మిది అవకాశాలుంటాయి. వాడు భాషలూ గృహ విజ్ఞానమూ ముందు విడతలో రాసి, గణితం, సైన్సు తరువాతి విడతకు ఉంచుకున్నాడు. పెద్ద కుటుంబంలో ఈ వెసులుబాటు ఎంతో ఉపయోగపడింది. మామగారు ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఐదు పరీక్షలకూ ఒకేసారి సిద్ధం కావడం వాడివల్ల అయ్యేది కాదు.

పెద్దమ్మాయికి వచ్చే ఏడాది పద్నాలుగు నిండుతాయి. తనకు తెలుగు మాధ్యమంలో రాయాలని ఉంది, రెండు బోర్డుల్లోనూ ఆ వీలుంది. రెండింటి సబ్జెక్టుల జాబితాలూ పక్కపక్కన పెట్టి, ఏ పుస్తకం తనంతట తాను చదువుకోగలదో, దేనికి ఎవరి సాయం కావాలో గుర్తులు పెట్టుకుంటోంది. తన వాటా వంటింటి పని ఆ ఏడాదికి ఎవరు తీసుకోవాలన్నది మాత్రం తమ్ముళ్లతో ఇంకా తేలలేదు.