మార్క్ టూ అంబాసిడర్‌కి ఒరిజినల్ సామాన్ వెతకడం

పాత అంబాసిడర్ బాగుచేయాలని దిగినవాళ్లకి మొదటి బెంగ ఇంజన్ గురించే. నిజానికి అక్కడ అంత భయం లేదు. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ దశాబ్దాల పాటు వచ్చింది, బెంగాల్‌లోని ఉత్తరపాడా ఫ్యాక్టరీ 2014 దాకా బళ్లు తయారుచేసింది. పిస్టన్లు, బేరింగులు, వాల్వులు, హెడ్ ప్యాకింగ్ ఇప్పటికీ దొరుకుతాయి. ఏడిపించేది పైసామాన్: గ్రిల్లు, వెనక లైట్ల అద్దాలు, డోర్ హ్యాండిళ్లు, మోనోగ్రాములు (పేరు బిళ్లలు), మీటర్లు. మార్క్ టూ మోడల్ వచ్చింది అరవైల మొదట్లో, మార్క్ త్రీ 1975లో. అంటే ఈ సామాన్ తయారైంది పన్నెండేళ్లే.

కాబట్టి ముందు బండి ఏదో తేల్చుకోవాలి. సన్నని గళ్ల గ్రిల్లు మార్క్ టూది. 1979లో వచ్చిన మార్క్ ఫోర్‌కి పార్కింగ్ లైట్లు చదరంగా ఉంటాయి. మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో చాలా బళ్లకి ఎప్పుడో ముందుభాగం మార్చేసి ఉంటారు. గ్రిల్లు చూసి సంవత్సరం చెప్పేవాణ్ని నమ్మకండి, ఆర్సీ చూడండి.

వెతకడం ఇంటి దగ్గర్నుంచే మొదలవ్వాలి. మిర్యాలగూడ రైస్ మిల్లుల వెనక షెడ్లు, పాలమూరు ఊళ్లలోని గడీలు, సూర్యాపేట, జడ్చర్ల రోడ్ల పక్కన మూతపడ్డ పాత గ్యారేజీలు, ఆ తర్వాతే గుజిరీ దుకాణాలు. గుజిరీకి చేరిందంటే గ్రిల్లు ఇనుము కింద తూకానికి పోయినట్టే. డెంటింగ్ చేసే ముసలి మిస్త్రీలను అడగడం అన్నిటికన్నా మేలు. ఏ షెడ్డులో ఏ బండి టార్పాలిన్ కింద ఉందో వాళ్లకే తెలుసు. డొక్కు మార్క్ త్రీ, ఫోర్ బండి అయినా సరే, చవకగా వస్తే వదలొద్దు. బాడీ మూలాకారం పెద్దగా మారలేదు. రేకు, ముందు సస్పెన్షన్, వెనక కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) కొలిచి చూసుకుంటే పనికొస్తాయి. టార్షన్ బార్లు (ముందు చక్రాలకి స్ప్రింగుల్లా పనిచేసే కడ్డీలు) విప్పేటప్పుడు మాత్రం ఎడమ, కుడి అని పెయింటుతో రాయండి. ఒకవైపే మెలి తిరిగి అలవాటుపడ్డ కడ్డీ అది. ఎదురువైపు బిగిస్తే ఎత్తు నిలవదు, విరిగినా విరగొచ్చు.

జిల్లాలో దొరకకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్. అక్కడా లేకపోతే చెన్నై పుదుపేట, బెంగళూరు జేసీ రోడ్డు, ఢిల్లీ కశ్మీరీ గేట్. అంబాసిడర్‌కైతే కోల్‌కతా మల్లిక్ బజార్ మీదే ఆశ ఎక్కువ పెట్టుకోవచ్చు, ఆ ఊరు ఈ బండిని టాక్సీగా వాడినంత ఇంకెవరూ వాడలేదు. ఫోన్లో ‘అంబాసిడర్ టెయిల్ లైట్ ఉందా’ అని అడిగితే అందరూ ఉందనే అంటారు. పగిలిన పాత ముక్కను స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి పంపండి. అటునుంచి సామాన్ వెనకవైపు ఫొటో అడగండి. లైటు అద్దం లోపలి అంచున తయారుచేసిన లూకాస్ కంపెనీ పేరు, నంబరు పోతలోనే ఉంటాయి. డూప్లికేట్‌కి అక్కడ నున్నగా ఉంటుంది, లేదా అక్షరాలు అరిగిన అచ్చులా మసకగా ఉంటాయి. అందుకే పగిలినా సరే, పాత ముక్క పారేయకండి. కొత్తది దొరికి బండికి బిగిసేదాకా అదే మీ కొలబద్ద.

బయటి దేశంలో వెతికేటప్పుడు అంబాసిడర్ అని కాక మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ అని వెతకాలి. మన బండికి తల్లి ఆ బ్రిటిష్ కారే. ఎంజీఏ 1500 అనే స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఇదే కుటుంబం ఇంజన్ గనక ప్యాకింగులు, వాల్వ్ గైడ్ల లాంటివి ఆ పేరుతో కూడా కనిపిస్తాయి. పిస్టన్లు మాత్రం కంప్రెషన్ చూసుకోకుండా తెప్పించొద్దు, స్పోర్ట్స్ కారు పిస్టన్ మీద తల వేరేగా ఉంటుంది.

క్రోమ్ సామాన్ కొనేముందు జేబులో అయస్కాంతం పెట్టుకోండి. బంపర్ ఉక్కు, అంటుకుంటుంది. అంటుకోకపోతే అది ఇత్తడి, జింక్ పోత, స్టెయిన్‌లెస్ వీటిలో ఏదో ఒకటి. కనిపించని మూల ఆకురాయితో చిన్న గీత పెడితే పసుపురంగు వస్తే ఇత్తడి, దాన్ని ఎన్నిసార్లైనా మళ్లీ పాలిష్ చేసి నికెల్, క్రోమ్ ఎక్కించొచ్చు. బూడిదరంగు వచ్చి, పైన మొటిమల్లా లేచి ఉంటే జింక్ పోత. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పాత క్రోమ్ దించడానికి ప్లేటింగ్ షాపులో యాసిడ్‌లో ముంచితే జింక్‌ని కూడా యాసిడ్ తినేస్తుంది. మొటిమల గుంతలు ఇంకా లోతవుతాయి, మోనోగ్రాం అక్షరాల అంచులు పోతాయి. జింక్ పని తెలిసినవాడైతే ప్రతి గుంతను చిన్న డ్రిల్లుతో శుభ్రం చేసి, నింపి, ముందు పల్చటి రాగి పూత వేసి అప్పుడు నికెల్‌కి వెళ్తాడు. రాగి పూత మాట అడగగానే షాపువాడి మొహం చూస్తే పని తెలుసో లేదో తెలిసిపోతుంది. గుంతలు ఎక్కువుంటే కొనకండి.

పాత హెడ్డు (సిలిండర్ల పైన బిగించే ఇంజన్ మూత) కొనేటప్పుడు కాస్త ఓపిక పట్టాలి. నల్లగొండ బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గాని, ఇంజన్‌కి చేటు చేసేది నీళ్లలోని సున్నం. ఏళ్లపాటు రేడియేటర్లో అదే నీళ్లు పోసిన బండి హెడ్డులో నీటి దారులు తెల్లటి పెచ్చుతో పూడుకుపోయి ఉంటాయి. అన్ని రంధ్రాల్లోంచి సన్న తీగ దూరుతుందో లేదో చూడండి. పూడిన చోట వేడి నిలిచిపోతుంది. ఈ హెడ్డులో రెండు, మూడు సిలిండర్ల ఎగ్జాస్ట్ ఒకే దారిలో పోతుంది, అసలే అక్కడ వేడెక్కువ. పగులు వచ్చేదీ ఆ వాల్వ్ సీట్ల మధ్యే.

పగులు చూడటానికి పాత పద్ధతి చాలు. కార్బన్ గీకేసి, సీట్ల చుట్టూ గ్యాస్‌నూనె (కిరోసిన్) పూయాలి. పది నిమిషాలాగి గుడ్డతో పొడిగా తుడిచి, మెత్తటి చాక్‌పీసు పొడి చల్లాలి. పగులుంటే అందులో దూరిన నూనె పైకి ఊరి, తెల్లటి పొడి మీద వెంట్రుక మందాన తడి గీత కనిపిస్తుంది. గీత సీటు నుంచి సీటుకి సాగిందంటే ఆ హెడ్డు వద్దు. వెల్డింగ్ పెట్టిస్తా అనేవాడు ఎప్పుడూ ఒకడుంటాడు. పోత ఇనుముకి సరిగ్గా వేడిచేసి వెల్డింగ్ పెట్టే చెయ్యి అరుదు, ఇంకో హెడ్డు వెతుక్కోవడమే సుఖం.

కార్బ్యురేటర్ మీ బండికి ఎస్‌యూ కంపెనీది వచ్చి ఉంటే డాష్‌పాట్ (పైన గిన్నెలా ఉండేది), అందులో కదిలే పిస్టన్ ఒకే జోడీగా కొనాలి. రెండింటినీ కలిపి అమర్చి మలిచి ఉంటారు, ఒకదాని పిస్టన్ ఇంకోదాని డాష్‌పాట్‌లో సరిగ్గా నడవదు. పిస్టన్ పైకెత్తి వదిలితే ‘టక్’మని చప్పుడు రావాలి. రాకపోతే జెట్ (పెట్రోలు వచ్చే గొట్టం) మధ్యలో లేదు, లేదా సూది వంగింది. లోపల సాండ్‌పేపర్ పెట్టకండి, పెట్రోలుతో కడిగితే చాలు. థ్రాటిల్ కడ్డీని అటూ ఇటూ ఊపి చూడండి. ఊగితే గాలి లాగుతుంది, ఎంత ట్యూనింగ్ చేసినా ఇంజన్ స్లో (ఐడ్లింగ్) నిలవదు. లేత్ షాపులో బుష్ వేయిస్తే సరిపోతుంది.

డిస్ట్రిబ్యూటర్, డైనమో బాడీ మీద లూకాస్ తయారీ సంవత్సరం పొడిచి ఉంటుంది. 1966 బండికి 1974 డైనమో తగిలిస్తే తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు. డిస్ట్రిబ్యూటర్‌లోని కండెన్సర్ మాత్రం ఒరిజినల్ పాత డబ్బాలోది వాడకండి. 0.18 నుంచి 0.24 మైక్రోఫారడ్ ఉండాలి, ఏళ్ల తరబడి పడున్నది మే నెల ఎండలో వేడెక్కగానే చచ్చిపోతుంది. రబ్బరుదీ ఇదే కథ. పాత స్టాకు బ్రేక్ కప్పులు (రబ్బరు సీళ్లు) డబ్బాలో కొత్తగా మెరుస్తుంటాయి, గట్టిపడి గోరుతో నొక్కితే గుంత పడదు. బ్రేకుల్లోకి కొత్త రబ్బరు తప్ప వేరేది పోనివ్వొద్దు.

మరల విషయం చాలామందికి తెలియదు. ఈ బండి బోల్టులు ఎక్కువగా యూఎన్ఎఫ్ మర, అంగుళం లెక్క. 5/16 బోల్టుకి అంగుళానికి 24 మరలు. పక్కన దొరికే 8 మిల్లీమీటర్లది చూడటానికి అంతే లావు, మర వేరు. పానాతో బలవంతంగా తిప్పితే మొదటి రెండు చుట్లు ఎక్కి ఇంజన్ బ్లాకులో మర తినేస్తుంది. బ్రేక్ పైపుల్లో ఇంకా ప్రమాదం. 3/8 యూఎన్ఎఫ్ నట్టు, 10 మిల్లీమీటర్ల రంధ్రంలోకి వదులుగా దూరి బిగిసినట్టే అనిపిస్తుంది, బ్రేకు గట్టిగా తొక్కినరోజు ఊడొస్తుంది. థ్రెడ్ గేజ్ ఖరీదు కన్నా కొత్త బ్లాకు వెతకడం చాలా కష్టం.

కాగితాల సంగతి. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుంది, నంబరులో వీఏ అక్షరాలతో. ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది, రెన్యువల్‌కి 5 వేలు. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పు ఉండకూడదు. అందుకే వేరే బ్లాకు కొనేముందు, ఉన్న బ్లాకుకే సిలిండర్లలో స్లీవ్‌లు వేయించి నడపొచ్చేమో బోరింగ్ షాపులో అడగండి. కొనక తప్పకపోతే అమ్మినవాడి బిల్లు, ఆధార్ జిరాక్స్ తీసుకోండి. ఇంజన్ నంబరు బిల్లు మీద రాయిస్తే చాలదు. నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ అచ్చును బిల్లుకే పిన్ను కొట్టి పెట్టుకోండి.