ఎర్రచందనం నారు: ఉదయగిరి మిద్దె మీద రెండో ఏడు

మార్చి. వెలిగొండల్లో ఎర్రచందనం కాయకు కరువు లేదు. ఈ రోజుల్లో చెట్టు కింద రెక్కల కాయలు పరుచుకుని ఉంటాయి. పిల్ల మొక్కలే వెతికినా కనపడవు. విత్తనం నుంచి మొక్కగా నిలబడేలోపు ఎక్కడ దెబ్బ పడుతోందో దగ్గరుండి చూడాలని ఇంట్లోనే నారు పోశాను. కాయలు రిజర్వు అడవిలోవి కావు, మా బాబాయి పొలం గట్టున పెంచిన చెట్లవి. పూర్తిగా ఎండి గోధుమరంగుకు తిరిగినవే కోశాం.

కాయలో గింజ ఒకటి, మహా అయితే రెండు. చుట్టూ గట్టి పెంకు, నీళ్ళు ఒక పట్టాన లోపలికి దిగవు. అందుకే కత్తెరతో రెక్క తీసేసి సగం కాయల్ని మంచినీళ్ళలో, సగం పలచటి పేడనీళ్ళలో మూడు రోజులు నానబెట్టాను. రోజూ నీళ్ళు మార్చాలి, లేకపోతే మురిగిపోతాయి. ఇసుక మడిలో అర అంగుళం లోతున పెట్టి, పైన పలచగా వరిగడ్డి కప్పి, సాయంత్రాలు నీళ్ళు చల్లాను. పేడనీళ్ళలో నానినవే ముందు లేచాయి, ఎక్కువా లేచాయి. మంచినీళ్ళవి చాలావరకు మడిలోనే ఉండిపోయాయి.

మొలకల్ని 6×9 అంగుళాల కవర్లలోకి మార్చాను. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒకటి, బాగా చివికిన పశువుల ఎరువు ఒకటి. కవరుకు చిల్లులు తప్పనిసరి. రాతినేలల్లో పెరిగే చెట్టు ఇది, వేరు దగ్గర నీళ్ళు నిలిస్తే ఓర్చుకోదు.

మరుసటి ఏప్రిల్. ఆకులన్నీ రాలి, కాండం కొస నుంచి కిందికి ఎండుతూ వచ్చింది. ఇంట్లోవాళ్ళు పారేయమన్నారు. మొదలు దగ్గర గోటితో గీకితే పచ్చగానే ఉంది. ఒక కవరు కోసి చూశాను: పైన పుల్లంత కాండం, కింద ముల్లంగిలా ఊరిన వేరు, పీచువేళ్ళకు చిన్న చిన్న బుడిపెలు. జూలైలో నాలుగు చినుకులు పడగానే మొదట్లోంచి మూడేసి ఆకులతో కొత్త చిగుళ్ళు వచ్చాయి. ఎండిందని కవరు పారేయకండి.

అడవిలో కూడా పిల్ల మొక్క కొన్నేళ్ళపాటు ఇలాగే పైన ఎండుతూ, కింద వేరు బలుపుకుంటూ ఉంటుంది. ఆ ఏళ్ళే దానికి గండం. ఎండాకాలం బోదగడ్డి ఎండి కార్చిచ్చు అంటుకుంటే పెద్ద చెట్టు బెరడు తట్టుకుంటుంది, చిగురు మాడిపోతుంది. వానలకు మళ్ళీ లేచిన చిగురును మేకలు కొరికేస్తాయి. దొంగనరుకుడు కాయ కాసే పెద్ద చెట్లనే ఎత్తుకుపోతుంది. ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తం మీద నెల్లూరు, కడప, చిత్తూరు వైపు ఉన్న ఈ తూర్పు కనుమల దక్షిణపు కొసలోనే. 1995లో దీన్ని సైటిస్ (ముప్పులో ఉన్న మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో చేర్చి విదేశీ వ్యాపారానికి కళ్ళెం వేశారు. నరుకుడు ఆపడం ఒక్కటే చాలదని నాకు గట్టిగా అనిపిస్తోంది. నిప్పునూ మందనూ ఆ కొన్నేళ్ళు దూరంగా ఉంచకపోతే చెట్ల కింద పిల్ల చెట్లు ఉండవు.

అక్టోబరు వానలకు వీటిని బాబాయి చేను గట్టున నాటుతున్నాం. గుంత 45 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 4 మీటర్లు, చుట్టూ కంప. సంక్రాంతి దాటగానే మొదళ్ళ చుట్టూ మీటరు మేర గడ్డి చెక్కేయాలి.