మియాపూర్ వైపు నానమ్మ, ఎల్బీనగర్ వైపు అమ్మమ్మ

క్రిస్మస్‌కి ఈసారి నేనూ మా ఆయనా హైదరాబాద్ వెళ్ళొచ్చాం. పిల్లలిద్దరూ అక్కడే, కాకపోతే అబ్బాయి వాళ్ళది చందానగర్, అమ్మాయి వాళ్ళది వనస్థలిపురం, ఊరికి ఈ చివర ఒకళ్ళు ఆ చివర ఒకళ్ళు. నర్సాపురంలో రాత్రి రైలెక్కితే పొద్దున్నే లింగంపల్లిలో దిగిపోతాం, అదొక సుఖం. టిక్కెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే కదా ఇచ్చేది, ఇదివరకు 120 ఉండేది, అందుకని అక్టోబర్‌లో అబ్బాయి పొద్దున ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చుని రెండు లోయర్ బెర్తులు సంపాదించాడు. అరిసెలు, గులాబీ పువ్వులు, కజ్జికాయలు డబ్బాలకెత్తి తీసుకెళ్ళా. ఇక్కడ అన్నీ దొరుకుతాయి అత్తయ్యా ఎందుకు మోసుకొస్తారు అంటుంది కోడలు, నిజమే స్వగృహ షాపులు వీధికొకటి ఉన్నాయి, కానీ ముందు డబ్బా మూత తీసేది కూడా తనే.

అసలు తిరకాసు సెలవుల దగ్గరుంది. మనవరాలు చదివేది మిషనరీ స్కూల్లో, దానికి క్రిస్మస్ సెలవులు బాగానే ఇస్తారు. మనవడిది కార్పొరేట్ స్కూలు, వాడికి తెలంగాణలో గవర్నమెంటు ఇచ్చే 25, 26 తప్ప ఏమీ లేవు, అసలు సెలవులు సంక్రాంతికే. అంటే ఒకళ్ళు రోజంతా ఇంట్లో ఖాళీగా అమ్మమ్మా అమ్మమ్మా అంటూ, ఇంకొకళ్ళు సాయంత్రం స్కూల్ బస్సు దిగి బ్యాగు పడేసి నానమ్మా ఏంటి స్పెషల్ అంటూ. ఎవరింట్లో ఎన్ని రోజులు అనే పంచాయితీ వచ్చిందా అంటే రాకుండా ఎలా ఉంటుంది, పిల్లలు క్యాలెండర్ మీద స్కెచ్ పెన్నుతో గీతలు కూడా గీశారు.

మెట్రో పుణ్యమా అని అటూ ఇటూ తిరగ్గలిగాం. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు, ఎక్కడా మారక్కర్లేదు, గంటలోపే దింపేస్తుంది. 2018లో ఈ లైను పూర్తి కాకముందు బస్సులో అమీర్‌పేట దాటేసరికే నా నడుం పడిపోయేది. పెద్దవాళ్ళ సీట్లో కూర్చున్న కుర్రాళ్ళకి సరిగ్గా మనం ఎక్కినప్పుడే ఫోన్‌లో ముఖ్యమైన పనేదో వస్తుంది, అది వేరే సంగతి.

పండగ రోజు సంగతి పెద్దగా చెప్పేదేం లేదు, ఆరాధన, కొత్త బట్టలు, బిర్యానీ, కేకు, నిద్ర. 26న మాత్రం అల్లుడు కారులో అందర్నీ మెదక్ తీసుకెళ్ళాడు, ఇరుక్కుని కూర్చున్నాం. దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. దారిలో నర్సాపూర్ అని బోర్డు చూసి మనవరాలు అమ్మమ్మా మీ ఊరొచ్చేసింది అని ఒకటే కేకలు, ఇది ఆ నర్సాపురం కాదే తల్లీ అంటే వినదే, అడవిలో కోతుల్ని చూపించి మీ చుట్టాలా అంది మళ్ళీ.

మెదక్ చర్చి నేను పెళ్ళైన కొత్తలో ఒకసారి చూశా, మళ్ళీ ఇప్పుడే. 175 అడుగుల గోపురం, దూరం నుంచే కనపడుతుంది. పోస్నెట్ అనే మిషనరీ దొరగారు కరువు కాలంలో జనానికి పని చూపించి తిండి పెట్టి కట్టించారు, 1924 క్రిస్మస్ రోజున ప్రారంభించారు, అంటే వందేళ్ళు దాటేసింది. మనవడికి ఇవన్నీ చెప్తుంటే వాడు నా మాట వినకుండా రంగు అద్దాల కిటికీలకేసి చూస్తున్నాడు. యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం, మూడు కిటికీలు. వెనకాల లైట్లు ఎక్కడ పెట్టారు తాతయ్యా అన్నాడు. సూర్యుడేరా లైటు, చీకటి పడితే ఏమీ కనపడదు అని ఈయన చెప్పేసరికి బయటికి పరిగెత్తి, చుట్టూ తిరిగి చూసొచ్చి, బయట నుంచి అంతా నల్లగానే ఉంది అని ఏదో కనిపెట్టినట్టు చెప్పాడు. జనం విపరీతం, చెప్పులు వెతుక్కోవడానికే చాలాసేపు పట్టింది.

కానీ ఒక మాట చెప్పనా, నాకు మెదక్ కన్నా మనవడి స్కూలు రోజులే బాగున్నాయి. పొద్దున్నే వాడి బాక్సులోకి పులిహోర కలపడం, బస్సు దాకా వెళ్ళి రావడం, రాత్రి వాడు లెక్కలు చేసుకుంటుంటే పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకోవడం. ఏమీ మాట్లాడడు, మధ్యలో ఒకసారి తలెత్తి నానమ్మా ఉన్నావా అంటాడు. సెలవుల్లో వెళ్తే పిల్లలు షికార్లకి దొరుకుతారు గానీ ఇలా దొరకరు. అందుకే సెలవులు లేనప్పుడు వెళ్ళి ఏం చేస్తారు అనేవాళ్ళ మాట నేను ఒప్పుకోను.

31 రాత్రి ఆరాధన మా ఊళ్ళోనే ఉండాలని ఈయన పట్టు, ఈలోపే వచ్చేశాం. నుమాయిష్, అదే నాంపల్లి ఎగ్జిబిషన్, చూసి వెళ్ళండి అన్నాడు మనవడు. జనవరి ఒకటిన మొదలై ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది కదరా అంటే, తెలుసు అన్నాడు.

ఇప్పుడు సంక్రాంతికి వాళ్ళు రావాలి. రైలు టిక్కెట్లు ఎప్పుడో అయిపోయాయి, కార్లోనే వస్తారట. పంతంగి టోల్‌గేట్ దగ్గర పండగ ముందు ఎలా ఉంటుందో టీవీలో ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాం, అందుకే స్కూలు వదిలిన రాత్రే బయల్దేరొద్దురా, మర్నాడు తెల్లారుజామున మూడింటికి బయల్దేరండి అని చెప్పా. అబ్బాయి సరే అన్నాడు, కోడలు మూడింటికా అంది.